పండుగప్పకు టేపు పెడితే మన పరువేం కావాలి?

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పండుగప్ప చేపను పట్టాలంటే గాలం ఒక్కటే చాలదు, జేబులో టేపు కూడా ఉండాలి. అక్కడ దాన్ని బారాముండి అంటారు. 58 సెంటీమీటర్లకు తగ్గితే పిల్ల కాబట్టి వదిలెయ్యాలి. సరే, చిన్నపిల్లల మీద జాలి అనుకుందాం. కానీ కొన్ని జలాశయాల్లో తప్ప 120 దాటినదాన్ని కూడా వదిలెయ్యాలట! జీవితంలో ఒక్కసారి తగిలే చేపను మళ్లీ నీళ్లలోకి పంపడమేమిటి? పైగా మనిషికి ఇన్నే అని లెక్క.

ఈ రూలు మన గోదావరి, కృష్ణా జిల్లాలకు తెమ్మని ఎవరూ అడగలేదు. అడిగేలోపే వ్యతిరేకించడం బాధ్యతగల పౌరుడి లక్షణం కాబట్టి ఈ వ్యాసం.

ముందు సంప్రదాయం సంగతి. మనకు పెద్ద చేప అంటే కూర కాదు, హోదా. వియ్యంకుడికి పంపే ఐసు పెట్టెలోంచి తోక బయటికి కనపడాలి. మూత పూర్తిగా పడితే ఆ సంబంధంలో ఏదో తేడా ఉన్నట్టే.

ఇక సైన్సు చెప్పే కారణం వింటే తల కొట్టేసినట్టవుతుంది. పండుగప్ప మొదట మగది. కొన్నేళ్లు మగగానే బతికి, బాగా ఎదిగాక ఆడది అవుతుంది. మీటరు దాటినవి దాదాపు అన్నీ ఆడవే. ఒక్కోటి లక్షల కొద్దీ గుడ్లు పెడుతుంది. అంటే ఇన్నాళ్లూ మనవాళ్లు భుజాన వేసుకుని, మీసం మెలేసి, ‘మొనగాడు దొరికాడు’ అని స్టేటస్ పెట్టుకున్నది ఎవరితో? ఆ పాత ఫొటోలన్నిటికీ ఇప్పుడు క్యాప్షన్లు ఎవరు మారుస్తారు? కింద కుర్రాళ్లను వదలాలి, పైన తల్లులను వదలాలి, మధ్యలో ఉన్న బ్రహ్మచారులతో మనం సర్దుకుపోవాలి. ఇదేం న్యాయం?

అమలు ఇంకో తలనొప్పి. నేను ఊహించుకున్నాను. ఆదివారం పొద్దున్న చేపల మార్కెట్, కాళ్ల కింద ఐసు నీళ్లు. ఆఫీసరు వంగి, ముక్కు దగ్గర టేపు పట్టుకున్నాడు. తోక దగ్గర అది జారింది. మళ్లీ పట్టాడు. ఈసారి చేపే జారింది. నోరు మూస్తే 57, కాస్త తెరిస్తే 58. కత్తిపీట మీద కాలేసి కూర్చున్న ఆవిడ ఎంతసేపని ఊరుకుంటుంది? ‘‘ఏంటి బాబూ, పెళ్లిచూపులా? కొయ్యమంటారా, కొలుస్తానే ఉంటారా?’’ అంటుంది. వెనకాల క్యూలో ఉన్నవాళ్లు ఆవిడ పక్షమే. నేనూ ఆ క్యూలోనే ఉంటాను.

కేరళను చూడండి అంటారు. అక్కడ 2015లో 14 రకాల చేపలకు కనీస సైజు పెట్టి, ఆ తర్వాత ఆ లెక్కను 58 రకాలకు పెంచారు. కవళ్లలాంటి చిన్న చేపలు కూడా 10 సెంటీమీటర్లు ఉండాల్సిందే. పిల్ల చేపలన్నీ మేత మిల్లులకు పోతున్నాయని వాళ్ల బాధ. మనకా బాధ ఎందుకు? ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మోటారు పడవల వేట ఆపుతున్నాం కదా. ఆ 61 రోజుల్లో పెరగలేని చేప మిగతా ఏడాదంతా ఏం ఉద్ధరిస్తుంది?

అయినా మనకు కొరతేమిటి? 1997లోనే చెన్నైలోని ఉప్పునీటి చేపల, రొయ్యల పెంపకం పరిశోధన సంస్థ ‘సీబా’ శాస్త్రవేత్తలు హ్యాచరీలో పండుగప్ప పిల్లల్ని పుట్టించారు. కైకలూరు, భీమవరం వైపు చెరువుల్లో పెంచుతున్నారు. మరి నదీ ముఖాల ఉప్పునీళ్లలో పుట్టి, నదుల వెంబడి పైకి ఎక్కే పిల్లల మాటంటారా? వాటికి దారిలో స్వాగతం చెప్పే వల కంతలు చూస్తే దోమ కూడా రెండోసారి ఆలోచిస్తుంది. అది దాటి పైకి రాగలిగిన పిల్ల ఎటూ గట్టిపిండమే, దానికి మళ్లీ చట్టం రక్షణ దండగ.

అన్నట్టు, సైజు రూలు అసలు పాటించేది పండుగప్పే. నోట్లో పట్టే సైజులో తమ్ముడు కనపడితే చాలు, మింగేస్తుంది. అందుకే హ్యాచరీల్లో పిల్లల్ని ఎప్పటికప్పుడు సైజులవారీగా విడదీస్తారు. సొంత అన్నదమ్ములే మొహమాటపడనప్పుడు మధ్యలో మనకెందుకు?

ఇంతకీ నాకు చికాకు ఆ రూలు మీద కాదు, దాన్ని అక్కడ బుద్ధిగా పాటించే మనవాళ్ల మీద. బ్రిస్బేన్ అబ్బాయి ఒకడు నిండు చేపను నీళ్లలోకి వదులుతున్న వీడియో పెడతాడు, కింద వంద చప్పట్లు. వాడే సంక్రాంతికి ఊళ్లో దిగుతూనే, ‘‘బాబాయ్, ఈసారి పదిహేను కిలోలది చూడు, ఫ్రెండ్స్‌కి చూపించాలి’’ అంటాడు. బాబాయ్ అప్పటికే ఏటిగట్టు వాళ్లకి అడ్వాన్సు ఇచ్చేశాడు.