సవరణ: ఓపెన్ సోర్స్ వాళ్లకిచ్చే ఉచిత లైసెన్స్ గురించి

కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్లు తయారుచేసే జెట్‌బ్రెయిన్స్ కంపెనీ, ఓపెన్ సోర్స్ (ఎవరైనా వాడి, మార్చి, పంచుకోగల కోడ్) ప్రాజెక్టుల వాళ్లకి వాటిని వాడుకోవడానికి ఉచిత లైసెన్స్ ఇస్తుంది. దాని మీద మొన్న నేను పెట్టిన పోస్టులో తప్పుంది. "గిట్‌హబ్‌లో కోడ్ పబ్లిక్‌గా ఉంటే చాలు, ఇస్తారు, ఆఫీసు పనికీ వాడుకోవచ్చు" అని రాశాను (గిట్‌హబ్ అంటే కోడ్ పెట్టి పంచుకునే సైటు). రెండు మాటలూ సరికావు. షరతులు పూర్తిగా చదవకుండా రాయడం నా పొరపాటు.

కంపెనీ ప్రకటించిన షరతుల ప్రకారం ప్రాజెక్టు ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద (అంటే కోడ్‌ని అలా వాడుకోవచ్చనే రాతపూర్వక అనుమతితో) ఉండాలి, మొదలై కనీసం 3 నెలలు కావాలి, పని చురుగ్గా సాగుతుండాలి. కోడ్ అందరికీ కనిపించినంత మాత్రాన ఓపెన్ సోర్స్ అయిపోదు. మీ రిపాజిటరీ (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) తెరిచి, రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయం ఫైలు) ఉన్నచోటే లైసెన్స్ ఫైలు కూడా ఉందేమో చూడండి. అది లేకపోతే హక్కులన్నీ రాసినవాళ్లవే. ఇంకొకరు ఆ కోడ్‌ని మార్చి పంచుకోవడానికి అనుమతి లేనట్టే. నిజానికి ఇది ఈ ఉచిత లైసెన్స్ కంటే పెద్ద విషయం.

జెట్‌బ్రెయిన్స్ ఇచ్చే ఉచిత లైసెన్స్ గడువు ఏడాది, తర్వాత పొడిగించమని అడగొచ్చు. అది వాణిజ్యేతర ఓపెన్ సోర్స్ పనికి మాత్రమే.

2024 అక్టోబరులో వెబ్‌స్టార్మ్, రైడర్ అనే తమ సాఫ్ట్‌వేర్లను వాణిజ్యేతర వాడకానికి ఉచితం చేశారు. అది వేరే ఏర్పాటు, దానికి ప్రాజెక్టు చూపించక్కర్లేదు. నేను రెండింటినీ కలిపేశాను. నా పోస్టు చూసి ఆఫీసు కోడ్‌కి ఈ లైసెన్స్ వాడుతున్నవాళ్లుంటే దయచేసి ఆపేయండి.