పిన్‌బాల్ మెషిన్ అమ్మబోతే

షికాగో దగ్గర మా ఇంటి బేస్‌మెంట్‌లో ఆరేళ్లుగా ఒక పిన్‌బాల్ మెషిన్ (అద్దం కింద స్టీలు బంతిని కొట్టి ఆడే ఆట) ఉండేది, బరువు ఇంచుమించు నూట ఇరవై కిలోలు. బ్యాలీ, విలియమ్స్, గాట్లీబ్ అన్నీ ఈ ఊరి కంపెనీలే కదా, ఇక్కడుండి ఒకటైనా కొనకపోతే ఎలా అంటే, మరి కాకినాడలో ఉన్నప్పుడు కాజాల కొట్టు కొన్నారా అంది మా ఆవిడ.

ఈసారి సంక్రాంతికి బొమ్మల కొలువు అక్కడే పెట్టాలి, అది కదలాలి అని ఆర్డరొచ్చింది. ఆన్‌లైన్‌లో 2,200 డాలర్లకి పెట్టా. 'ఉందా?' అని అడిగి మాయమైపోయినవాళ్లు పోగా, శామ్ అని ఒకతను శనివారం పికప్ ట్రక్ వేసుకుని దిగాడు. ఆ చలికి టోపీ, మఫ్లర్, కళ్లు తప్ప ఏం కనపడట్లా, ఇంగ్లీషేమో పక్కా ఇక్కడిది.

నేను రెచ్చిపోయా. న్యూయార్క్‌లో జూదం అని దీన్ని 1976 దాకా బ్యాన్ చేశారు, రోజర్ షార్ప్ అనే ఆయన కౌన్సిల్ వాళ్ల ముందు బంతి ఎటు పోతుందో చెప్పి మరీ కొట్టి చూపించాడు, ఇలా, అని నేనూ మెషిన్‌ని ఒక్క తోపు తోశా. టిల్ట్, అంటే మరీ కుదిపావని ఆట ఆపేసింది. బంతిని కొట్టే ఫ్లిప్పర్లు రెండూ చచ్చిపోయాయి. (లోపల ఒక లోలకం వేలాడుతుంది, అది చుట్టూ ఉన్న రింగుకి తగిలిందా, ఆ బంతి పోయినట్టే.)

ఇంతలో పైనుంచి మా ఆవిడ, "ఏవండీ, ఎంతకి తెగింది?"

"బేరం ఆడుతున్నాడే, పదిహేను వందలకైనా వదిలించేస్తాలే, పీడ పోతుంది!"

మెషిన్ కింద కాళ్లు చూస్తున్న శామ్ లేచి, మఫ్లర్ తీసి, "పదిహేను వందలు క్యాష్ ఉందండీ" అన్నాడు. తెలుగులో. శామ్ అంటే సాంబశివ అంట, వాళ్లమ్మగారిది తణుకు. తణుకు అనగానే మా ఆవిడ పెసరట్లు మొదలెట్టింది, అల్లప్పచ్చడితో మూడు తిన్నాక ఆ అబ్బాయిని ఇంకో వంద వెయ్యమని ఏ నోటితో అడగను?

తర్వాత అసలు పని. అద్దం తియ్యాలంటే ముందున్న కడ్డీ ఊడాలి, దాని మీట కాయిన్ డోర్, అదే నాణేలు వేసే ముందు తలుపు, లోపల ఉంటుంది. "తాళంచెవి ఇవ్వండి అంకుల్" అన్నాడు. పోకుండా ఉంటుందని దసరాకి క్లీన్ చేసినప్పుడు భద్రంగా తగిలించా. ఎక్కడ? కాయిన్ డోర్ లోపలి కొక్కేనికి. తగిలించి డోర్ మూసేశా.

నలభై నిమిషాలు డ్రిల్లింగ్, కార్పెట్ నిండా ఇనుప రజను. కొత్త లాక్‌కి ఇరవై తగ్గించుకుంటానన్నాడు, తగ్గించుకున్నాడు, మా ఆవిడ పైగా ఒక డబ్బా అరిసెలు పెట్టి పంపింది.

రాత్రి మెసేజ్ వచ్చింది, "అంకుల్, మూడు బాల్స్ ఉండాలి, రెండే ఉన్నాయి."

కొలువులో చూశా. కూరగాయలమ్మే బొమ్మ బుట్ట పక్కన, నున్నగా మెరుస్తూ, స్టీలు గుమ్మడికాయ.