తీపి కబురు ముందుగా హెచ్ఆర్‌కే

మా ఇళ్లల్లో ఒక పద్ధతుంది. కడుపుతో ఉన్న సంగతి మూడో నెల దాటేదాకా బయటికి పొక్కనివ్వరు. తణుకులో ఉండే మా ఆవిడ పెద్దమ్మకైతే అసలే చెప్పకూడదు, చెబితే సాయంత్రానికల్లా భీమవరం దాకా తెలిసిపోతుంది. అలాంటి కబురు ఈసారి అందరికంటే ముందు అందుకున్న అదృష్టవంతురాలు, బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటికి నాలుగు సిగ్నళ్ల అవతల అద్దాల మేడలో కూర్చున్న ఒక హెచ్ఆర్ మేనేజర్.

తప్పంతా మా ఆవిడకి కొత్త ఉద్యోగమిస్తూ పంపిన ఆఫర్ లెటర్‌ది. నాలుగో పేజీలో, మీ పరిస్థితుల్లో ఏ మార్పు వచ్చినా వెంటనే తెలియజేయవలెను అని ఉంది. మా ఆవిడ బడిపంతులు కూతురు. తెలియజేయవలెను అంటే తెలియజేయాలనే అర్థం చేసుకుంది. అప్పటికి పాత కంపెనీలో 90 రోజుల నోటీసులో 70 అయిపోయాయి.

ఆదివారం మెయిల్ రాయడానికి ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. సబ్జెక్టు లైను దగ్గరే గంట పట్టింది. ‘శుభవార్త’ అని పెడితే లాటరీ మెయిల్ అనుకుని స్పామ్‌లో పడేస్తారు. ‘క్షమాపణ’ అందామంటే మేం చేసిన నేరమేంటో మాకే తెలియదు. బిర్యానీకని బీటీఎం పీజీ నుంచి వచ్చిన బావమరిది ‘పర్సనల్ అప్‌డేట్’ అన్నాడు. “యాప్ అనుకున్నావేంట్రా?” అన్నాను. వంటింట్లోంచి మా అమ్మ, “ఆ పిల్లకి పిల్లలున్నారేమో కనుక్కోండి, ఉంటే అర్థం చేసుకుంటుంది” అంది. లింక్డిన్‌లో చూశాం. ‘వర్కింగ్ మదర్’ అని పేరు కిందే రాసుకుంది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఏడు డ్రాఫ్టులు. ఏడోదాంట్లో, కాన్పయ్యాక పని ఆగకుండా చూసుకుంటానని హామీ కూడా. పుట్టబోయే బిడ్డ చేత సంతకం పెట్టించడమే తక్కువ.

“చెప్పకక్కా” అన్నాడు వాడు బొమిక కొరుకుతూ. వాడి జేబులో మూడు ఆఫర్లున్నాయి. మూడు చోట్లా చేరతానన్నాడు. రెండు చోట్ల చేరే రోజు పొద్దున ఫోన్ స్విచాఫ్ చేస్తాడు. ఈలోగా ప్రతి సోమవారం హెచ్ఆర్‌లు వాడికి ఫోన్ చేసి “ఎక్సైటెడ్‌గా ఉన్నారా?” అని అడుగుతారు, వెల్‌కమ్ కిట్లు పంపిస్తారు. మా ఫ్రిజ్‌లో ఉన్న నీళ్ల సీసాలన్నీ వాడు చేరని కంపెనీలవే.

జవాబు 11 నిమిషాల్లో వచ్చింది. కంగ్రాట్స్, మూడు ఆశ్చర్యార్థకాలు, ఒక పసిపాప బొమ్మ. “మీ ట్రాన్స్‌పరెన్సీకి థాంక్స్.” మంగళవారం ఫోన్. బిజినెస్ రిక్వైర్‌మెంట్ మారిందట, పొజిషన్ హోల్డ్‌లో పెట్టారట. మీ ప్రెగ్నెన్సీకీ దీనికీ ఏ సంబంధమూ లేదట. ఆ ముక్క మేం అడగలేదు. శుక్రవారం అదే పోస్టు, అదే అనుభవం, అదే జీతం, ఉద్యోగాల సైటులో ప్రత్యక్షం. మాకింకా ఏడు నెలలుంది, వాళ్ల రిక్వైర్‌మెంట్ మూడు రోజులకే పుట్టేసింది. మన పరిస్థితి మారితే తెలియజేయవలెను, వాళ్ల పరిస్థితి మారితే తెలుసుకోవలెను.

లెక్క ఏమంత కష్టం కాదు. 1961 నాటి ప్రసూతి చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకి జీతంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. కాన్పుకు ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. అందరం చప్పట్లు కొట్టాం. బిల్లు ఎవరి చేతికిచ్చారో చూడలేదు. నెలకి 21,000 లోపు జీతమై, ఈఎస్ఐ అనే ఉద్యోగుల బీమాలో ఉంటే అది భరిస్తుంది. సాఫ్ట్‌వేర్ జీతాలకైతే మొత్తం కంపెనీయే కట్టుకోవాలి. హెచ్ఆర్ వేళ్లు మడిచి చూసుకుంది, ఈవిడ చేరితే 80 దాటేస్తుందని. సెలవులో ఉన్న మనిషిని తీసెయ్యకూడదని చట్టంలో ఉంది. తీసెయ్యాలంటే ముందు లోపలికి రానివ్వాలి కదా!

పాత కంపెనీని అడిగితే ఆ సీట్లో అప్పటికే ఇంకొకరు కూర్చున్నారు. ఆ రాత్రి మా ఆవిడ, “నేనే తొందరపడ్డానేమో” అంది. నాకు ఒళ్లు మండింది. ఏం తొందర? అడిగింది చెప్పడమా? వచ్చే మహిళా దినోత్సవానికి ఇదే కంపెనీ గులాబీలు పంచి, సెల్ఫీలు దిగి, మహిళాశక్తి అని పోస్టు పెడుతుంది. అబద్ధాలకోరుకి సీసాలు పంపి, నిజం చెప్పిన గర్భిణిని గేటు బయట నిలబెట్టిన వాళ్లకి సిగ్గులేదు. సిగ్గుతో ముడుచుకుపోయింది మాత్రం మా ఆవిడ.

మొన్న మూడో నెల దాటింది. తణుకు ఫోన్ చేశాం. పెద్దమ్మ సంతోషం తర్వాత, అనుమానం ముందు.

“ముందు నాకే చెప్పావు కదే?”

“నీకే పెద్దమ్మా” అంది మా ఆవిడ, నా వంక చూడకుండా.