ఏడు స్క్రూలతో తిరిగొచ్చిన ల్యాప్‌టాప్

ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న ఒడిశా పట్టణం పర్లాకిమిడిలో ఉంటున్న మాకు ల్యాప్‌టాప్ చెడిపోవడం కన్నా దాన్ని బాగు చేయించుకోవడమే పెద్ద బాధగా మారింది. వేడెక్కిపోతోందని, ఫ్యాను శుభ్రం చేసి, ప్రాసెసర్ వేడిని బయటికి లాగడానికి పూసే థర్మల్ పేస్టు మార్చమని గత నెలలో బజారులోని ఒక దుకాణంలో ఇచ్చాను. మూడు రోజుల తర్వాత తెచ్చుకుని చూస్తే, అడుగు మూతకు ఉండవలసిన పది స్క్రూలలో ఏడే మిగిలాయి; పైగా 3 మిల్లీమీటర్ల స్క్రూ ఉండవలసిన చోట పొడవాటిది బిగించడం వల్ల, అరచేయి ఆనించే చోట ప్లాస్టిక్ గోరంత మేర ఉబ్బి, తెల్లగా చీలింది. అదే స్క్రూ మదర్‌బోర్డు ఉన్న వైపు దిగి ఉంటే, అందులోని సన్నని రాగి దారులు తెగి యంత్రమే పోయేది. తీసిన స్క్రూలను అదే వరుసలో ఒక అట్టముక్కకు గుచ్చుకుంటే సరిపోయే పనికి ఇంత అజాగ్రత్త ఏమిటని నాకు నిజంగా కడుపు మండింది.

కంపెనీకి ఫోన్ చేస్తే, మా పిన్‌కోడుకు ఇంటి దగ్గర సేవ లేదు, భువనేశ్వర్ తీసుకువెళ్లండి అన్నారు. ఆంధ్రలోని పాతపట్నం మాకు పక్కనే ఉంది కదా అని, ఆ జిల్లా కేంద్రమైన శ్రీకాకుళం వెళితే, బిల్లు మీద ఒడిశా చిరునామా చూసి తిప్పి పంపారు.

అన్నిటికన్నా భయపెట్టింది మా అన్నయ్య ల్యాప్‌టాప్ సంగతి. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచినా, "ఇంకా పనిచేస్తోంది కదండీ, వాడుకోండి" అని అదే దుకాణంవారు చెప్పి పంపారు. ఉబ్బిన లిథియం బ్యాటరీలో వాయువు నిండి ఉంటుందని, అది నలిగినా చిల్లుపడినా మంటలు లేవవచ్చని, వెంటనే వాడకం ఆపి మార్పించుకోవాలని మాకు చెప్పవలసినవారు వాళ్లే.