ఆలు లేదు చూలు లేదు, పార్సిల్ బయల్దేరింది

"ఏం కావాలండీ?" అని కొనేవాణ్ణి అడగడం పాతకాలపు మర్యాద. 2013 డిసెంబర్ 24న అమెరికా పేటెంట్ ఆఫీసు ఆ మర్యాదకి నీళ్లొదిలేసింది. ఆ రోజు అమెజాన్‌కి దక్కిన 86,15,473 నంబరు పేటెంటు ప్రకారం, మనం ఆర్డరు పెట్టకముందే సరుకు మన ప్రాంతానికి బయల్దేరుతుంది. పెట్టె మీద పూర్తి అడ్రసు ఉండదు. మనకి బుద్ధి పుట్టాక, దారి మధ్యలో చేరుస్తారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్లు తరతరాలుగా వెక్కిరించిన పద్ధతికి ఇన్నాళ్లకి అక్కడ మేధోసంపత్తి హక్కులొచ్చాయి.

బుద్ధి పుడుతుందని వాళ్లకెలా తెలుసంటారా? ఇదివరకు కొన్నవి, వెతికినవి, బుట్టలో వేసి వదిలేసినవి, కొని తిప్పి పంపినవి అన్నీ చూస్తారు. మౌస్ బాణం ఏ బొమ్మ మీద తచ్చాడిందో అదీ లెక్కే. ఈ సంగతి తెలిశాక నేను మౌస్‌ని చాలా సంస్కారంతో కదుపుతున్నాను.

జోస్యం ఫలిస్తుందా అంటే, ఫలిస్తుంది. 2004లో ఫ్లోరిడా మీదికి ఫ్రాన్సిస్ తుపాను వస్తోందనగానే వాల్‌మార్ట్ వాళ్లు అంతకుముందు తుపాను నాటి బిల్లులు తిరగేశారు. టార్చిలైట్లు ఎవరైనా ఊహిస్తారు. తేలిందేమిటంటే, స్ట్రాబెర్రీ పాప్‌టార్టులనే తీపి చిరుతిళ్లు మామూలుకన్నా ఏడు రెట్లు పోతాయి, అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడయ్యేది బీరు. లారీలు కదిలాయి. ప్రళయం ముంచుకొస్తుంటే మనిషి ఏం తలుచుకుంటాడని వేదాంతులు ఇన్నేళ్లూ అనవసరంగా తలలు బద్దలు కొట్టుకున్నారు.

హైదరాబాద్‌లో పది నిమిషాల్లో పాలప్యాకెట్ గుమ్మంలోకి రావడం వెనకా ఇదే గుట్టు. కుర్రాడి బండి స్పీడు చూసి మురిసిపోతాం గానీ, అసలు పరుగంతా మనం నిద్రలో ఉండగానే అయిపోయింది. కాలనీకి పొద్దున్నే ఏం కావాలో లెక్కేసి, రెండు మూడు కిలోమీటర్ల లోపు డార్క్ స్టోర్‌లో సర్దేసి ఉంచుతారు. అందులోకి కొనేవాళ్లకి ప్రవేశం లేదు. మంచి పనే. లోపలికి రానిస్తే వంకాయలు ఏరుతాం, కొత్తిమీర కొసరడుగుతాం, వేరేదేదో చూసి మనసు మార్చుకుంటాం. అంచనా అంతా పాడు.

ఇన్ని తెలిసిన యంత్రానికి మా ఇల్లు మాత్రం తెలీదు. సరుకు సందు చివరిదాకా వచ్చేశాక ఫోను మోగుతుంది.

"సార్, లొకేషన్ చెరువులో చూపిస్తుంది."

"కరెక్టే తమ్ముడూ, చెరువు పూడ్చే కట్టారు. ఆంజనేయస్వామి గుడి దాటి ఎడమకి రా."

అడ్రసు సగం రాసి సరుకు పంపడంలో మనకి పేటెంటు రావాల్సింది, అడిగే నాథుడు లేక పోయింది.

ఆ పేటెంటులో నా మనసు దోచిన భాగం ఇంకొకటుంది. జోస్యం తప్పి పెట్టె మిగిలిపోతే ఎలా? వెనక్కి మోయడం ఖర్చు కాబట్టి, చుట్టుపక్కల కస్టమరుకి తగ్గింపు ధరకివ్వొచ్చు, లేదా ఏకంగా కానుకగా ఇచ్చేయొచ్చు, దానివల్ల సద్భావం పెరుగుతుంది అని రాసుకున్నారు. అంటే బాధ్యత గల పౌరుడు ఇకమీద కొననక్కర్లేదు, నమ్మకం కలిగేలా కోరుకుంటే చాలు. నా వంతుగా పొద్దుటినుంచీ రెండు తలుపుల ఫ్రిజ్ బొమ్మ మీద బాణం పెట్టి కూర్చున్నాను. చెయ్యి లాగేస్తోంది. మా ఆవిడ వచ్చి చూసి, "ఆ బూడిద రంగేంటండీ, ఎర్రదాని మీద పెట్టండి" అంది.