మా ఇంట్లో చెత్త లేదు

హనుమకొండలో మా వీధికి పొద్దున ఏడింటికి చెత్త బండి వస్తుంది. అందరి ఇళ్ల ముందూ ఆగుతుంది. మా ఇంటి ముందుకొచ్చేసరికి డ్రైవరు హారన్ కూడా కొట్టకుండా వెళ్లిపోతాడు. అతన్ని తప్పుబట్టలేం. మూడేళ్లుగా మా ఇంట్లో చెత్త అనే పదార్థమే తయారు కావడం లేదు. పెండ్లి పత్రికలు, మిఠాయి డబ్బాకు చుట్టిన జరీ దారం, కొత్త చొక్కా కాలర్ కింద పెట్టే అట్ట, అగరబత్తీల డబ్బాలు, అన్నీ ముడిసరుకు హోదాకు ఎదిగాయి. ఆఖరికి టీ పొడి కూడా. వాడేసిన టీ పొడిని మళ్లీ మరిగించి, ఆ నీళ్లలో తెల్ల కాగితం ముంచి ఆరబెడితే కాకతీయుల కాలం నాటి కాగితంలా కనబడుతుందట. కాకతీయులు రాసుకున్నది కాగితం మీదనా, తాళపత్రాల మీదనా అని ఒక సందేహం అడిగాను. ఆ సాయంత్రం నాకు టీ రాలేదు.

ఇదంతా మా ఇంటామె చేస్తున్న స్క్రాప్ బుక్ మహిమ. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఫోటోలు, టికెట్లు, పత్రికలు, ఎండిన పూలు లాంటివి అందమైన పేజీల మీద అతికించి, చుట్టూ కాగితం పూలు, చమ్కీలు, రెండు ముక్కల రాత పెట్టి దాచుకునే పుస్తకమే స్క్రాప్ బుక్. స్క్రాప్ అంటే తుక్కు. ఈ మాట మా వీధిలో మైకు పెట్టుకుని తిరిగే పాత సామాన్లాయనకూ తెలుసు, మా ఇంటామెకూ తెలుసు. ఆయన దాన్ని కిలోల లెక్కన కొంటాడు. ఈమె పేజీల లెక్కన అతికిస్తుంది. గత సంక్రాంతికి ఒక ఘోరం జరిగింది. ఆయన బండి ఆగితే పాత పేపర్లు అమ్మాల్సింది పోయి, ఆయన దగ్గరే ఎనభై రూపాయలిచ్చి పాత క్యాలెండర్లు, వారపత్రికలు కొన్నది. తుక్కు బండికి ఎదురు డబ్బులిచ్చిన మొదటి ఇల్లు మాదేనని ఆయన చేతులు జోడించి మరీ చెప్పాడు.

ఈ వ్యాధి ఎలా సోకిందో చెప్పడం పౌరుడిగా నా బాధ్యత. తెలుగు ఇళ్లలోకి స్క్రాప్ బుక్ ఎప్పుడూ ఒకే దారిన వస్తుంది: బడి నుంచి, రాత్రి పదింటికి. మా అమ్మాయి అప్పుడు నాలుగో తరగతి. అన్నం తిని, పండ్లు తోముకుని, దుప్పటి కప్పుకున్నాక "అమ్మా, రేపు స్క్రాప్ బుక్ ఇయ్యాలె. మన పండుగలు" అన్నది. నేను స్కూటర్ వేసుకుని చౌరస్తాకు పోయి, సగం దించిన షట్టర్ కింద నుంచి వంగి రంగు షీట్లు, ఫెవికాల్, దేశ నాయకుల బొమ్మల చార్టు తెచ్చాను. పండుగలకు దేశ నాయకులెందుకని అడగకండి, దుకాణంలో అదే మిగిలింది. పిల్ల పది నిమిషాలు కత్తిరించి నిద్రపోయింది. తల్లి తెల్లవారి నాలుగు దాకా కూర్చున్నది. ప్రాజెక్టుకు పదికి పది వచ్చాయి. పిల్ల దాని సంగతి మరచిపోయింది. తల్లి మాత్రం ఇంకా ఆ రాత్రిలోనే ఉంది.

కొంత పరిశోధన కూడా చేశాను. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీలో రంగుల్లో అచ్చేసి, ఉబ్బెత్తుగా ఒత్తి కత్తిరించిన చిన్న చిన్న బొమ్మలు అమ్మేవారు. వాటిని ఇంగ్లండు ఆడవాళ్లు ఎగబడి కొని పుస్తకాల్లో అతికించుకునేవారు. ఆ బొమ్మలనే స్క్రాప్స్ అనేవారు. అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ అయితే 1873లో ఏకంగా పేటెంటే తీసుకున్నాడు. పేజీలకు ముందే జిగురు పూసి ఉంటుంది, తడి చేసి అతికించుకోవడమే. అంత పెద్ద రచయిత జిగురు గురించి ఆలోచించాల్సి వచ్చిందంటే ఆ ఇంటి పరిస్థితి నేను ఊహించగలను. మా ఇంట్లో ఫెవికాల్ మరక లేని చొక్కా నాకు ఒక్కటే ఉంది. దాన్ని పెండ్లిళ్లకు దాచాను.

ఇప్పుడు అసలు కష్టం. ఒకప్పుడు పండుగ అయ్యాక ఫోటోలు చూసుకునేవాళ్లం. ఇప్పుడు పేజీ ముందు పుడుతుంది, పండుగ దాని వెనక నడుస్తుంది. పోయిన సద్దుల బతుకమ్మనాడు వీధిలో ఆడవాళ్లంతా చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే మా ఇంటామె వసారాలో కూర్చుని కాగితం బతుకమ్మ చేస్తున్నది. పని మాత్రం ముచ్చటగా ఉంటుంది, అబద్ధం చెప్పను. అయిదు మిల్లీమీటర్ల పసుపు కాగితపు పట్టీ. దాని కొసను చీలిక ఉన్న సూదిలో దూర్చి గుండ్రంగా చుడుతుంది. సూది తీసి వేళ్లు వదిలితే చుట్ట మెల్లగా విచ్చుకుంటుంది. ఒక పక్క గోటితో నొక్కితే రేక, రెండు పక్కలా నొక్కితే ఆకు. అయిదు రేకలు కలిపితే తంగేడు పువ్వు. అట్లా నూట ఎనభై తంగేళ్లు, పైన గునుగు కోసం అంచులు కత్తెరతో సన్నగా తరిగిన తెల్లకాగితం. ఈలోగా గుమ్మంలో తాంబాళంలో ఉన్న అసలు బతుకమ్మ వాడిపోయింది. "గిది వాడిపోదు సూడుండ్రి" అన్నది నాతో గర్వంగా. నిజమే. చెరువుకూ పోదు. ప్రస్తుతం మా టీవీ మీద ఉంది, వార్తల కింది స్క్రోలింగ్ కనబడకుండా.

2024 మేడారం జాతర పేజీ ఇంకో కథ. అమ్మవార్లకు నా ఎత్తు బంగారం, అంటే నా బరువుకు సరిపడా బెల్లం, మొక్కుకున్నాం. మొక్కు తీరింది, అందరూ దండం పెట్టుకున్నారు. మా ఇంటామె మాత్రం బెల్లం చుట్టిన న్యూస్ పేపర్ ముక్కను సంచిలో దాచింది. అది జిడ్డుగా, మరకలతో "సహజంగా" ఉందట. అతికించిన మూడో రోజు పొద్దున చూస్తే గోడ మీంచి షెల్ఫుకు, షెల్ఫు మీంచి పుస్తకంలోకి చీమల బారు. జంపన్న వాగు దగ్గర జనం సాగినట్టే సాగుతున్నాయి, ఏ ఒక్కటీ తోసుకోకుండా. మా అమ్మ "తల్లి మహిమ, చంపకుండ్రి" అన్నది. మా ఇంటామె వాటినీ ఫోటో తీసి పక్క పేజీలో అతికించింది.

ఆర్టీసీ టికెట్లకు ఒక పేజీ ఉంది. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చినప్పటి నుంచి ఈమె జీరో టికెట్లు ఒక వరసలో, నా డబ్బు టికెట్లు ఒక వరసలో. బొత్తిగా ఇంటి జమాఖర్చు. అయితే మిషన్ నుంచి వచ్చే టికెట్ థర్మల్ కాగితం. దాని మీద అక్షరం సిరాతో కాదు, వేడితో పుడుతుంది. ఎండకో, జిగురుకో చెరిగిపోతుంది. రెండు నెలల్లో రెండు వరసలూ తెల్లబడ్డాయి. ఆమె ప్రయాణంలో సున్నా కూడా మిగల్లేదు. నా డబ్బులకు సాక్ష్యమూ మిగల్లేదు.

ఇంటికి చుట్టాలొస్తే కష్టం రెట్టింపు. మొన్నమొన్నటి దాకా మన వరంగల్ జిల్లాలోనే ఉన్న చేర్యాల ఊళ్లో నకాషీ వాళ్లు పొడుగాటి పటాలు వేస్తారు. కథ చెప్పేవాళ్లు ఆ పటం ఒక్కొక్క అర విప్పుతూ కులపురాణాలు రాత్రంతా చెప్పేవారు. మా ఇంటామె చెప్పడం కూడా అదే పద్ధతి. తేడా ఒక్కటే, పటం కథ మధ్యలో లేచిపోవచ్చు. మా బావ ఒకసారి లేవబోయి "ఇంకా మీ పేజీ రాలే అన్నయ్యా" అన్న మాటకు మళ్లీ కూర్చున్నాడు. ఆయన పేజీ గంటంబావుకు వచ్చింది. అందులో ఆయన మొహం మీద సీతాకోకచిలుక ఉంది.

ఆఖరి ఆశగా మా అమ్మకు ఫిర్యాదు చేశాను. అత్త అన్నాక ఒక మాట అంటుందనుకున్నాను. ఆమె నవ్వింది. "అరేయ్, గిది కొత్త ముచ్చటనా? మేం పాత కాయితాలు నానబెట్టి, మెంతులేసి రోట్ల రుబ్బి, బోర్లిచ్చిన కుండకు మెత్తి గంపలు చెయ్యలేదా?" అన్నది. మెంతులెందుకమ్మా అంటే "పురుగు పట్టకుంట" అన్నది. అటక మీంచి ఆ గంప దింపించింది కూడా. లోపల ఎండుమిరపకాయలు, గంప అడుగున ఇంకా చదవడానికి వీలైన రెండు అక్షరాలు. మరునాటి నుంచి కోడలు కత్తిరిస్తుంటే అత్త ముక్కలు ఏరి పెడుతున్నది. ప్రతిపక్షం ఉన్నట్టుండి అధికార పక్షంలో కలిసిపోవడం మన రాష్ట్రంలో కొత్త కాదు గనుక నేను పెద్దగా ఆశ్చర్యపోలేదు.

నా బాధకు ఇంకో కారణం ఉంది. నేను పాతికేళ్లుగా ఒక ఆఫీసు రికార్డు సెక్షన్లో పనిచేస్తున్నాను. కాగితాలు కాపాడటం నా ఉద్యోగం. వేయిస్తంభాల గుడిలో రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనం ఉంది. చదవడం వచ్చినవాళ్లు నేటికీ చదువుతారు. మా గదిలో 2019 నాటి ఫైలును చెదలు తప్ప ఎవరూ చదవలేదు, అవి మాత్రం పూర్తిగా చదివాయి. న్యూస్ పేపర్ ఎందుకు పచ్చబడుతుందో, కలపలోని లిగ్నిన్ వెలుతురు తగిలి ఏమవుతుందో, యాసిడ్ లేని కాగితం ఎందుకు వాడాలో నాకు ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. మా ఇంటామె చెప్పింది, వంకాయలు తరుగుతూ. రెండు చేతులకూ గ్లౌజులు వేసుకుని ఫోటో పట్టుకుంటుంది ఆమె. నేను ఫైలు దుమ్ము దులపడానికి ఇంకో ఫైలు వాడతాను.

ఇక పోయిన నెల సంగతి. ఇంటి మీద చిన్న లోను కోసం 2011 నాటి మొదటి పన్ను రసీదు, ఒరిజినల్, చూపించమన్నారు. మూడు రోజులు బీరువా, అటక, మంచం కింద పెట్టెలు వెతికాను. నాలుగో రోజు వంటింట్లోంచి నింపాదిగా "గా రసీదా? పద్నాలుగో పేజీ" అని వినిపించింది. గృహప్రవేశం పేజీ. మధ్యలో రసీదు, చుట్టూ కాగితం మామిడాకులు, పైన నల్ల అట్టతో కత్తిరించిన కాకతీయ తోరణం, కింద "మన గూడు". ఊడదీస్తానంటే అత్తాకోడళ్లిద్దరూ అడ్డం నిలబడ్డారు.

చేసేదేం లేక మొత్తం పుస్తకాన్నే స్కూటర్ ముందు పెట్టుకుని బయల్దేరాను. పన్నెండంగుళాల చదరపు షీటు, 300 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే కాగితం, అయితే ఒక్కోటి 28 గ్రాములు. నలభై షీట్లు కిలో దాటుతాయి. పూలు, గుండీలు, జరీ, మేడారం మరకలు అదనం. కిరాణా కాంటా మీద పెడితే మూడు కిలోల రెండు వందలు.

కౌంటర్ వెనక ఉన్నాయన కళ్లద్దాలు సవరించుకుని పద్నాలుగో పేజీ చూశాడు. తర్వాత పదిహేను చూశాడు. పక్క సీటు మేడంను పిలిచాడు. ఆమె ఇంకొకామెను పిలిచింది. వెనక లైన్లో ఉన్నవాళ్లు గొణుగుతారనుకున్నాను, వాళ్లూ తొంగి చూశారు. ముప్పై ఒకటో పేజీ దగ్గర అంతా ఆగిపోయారు. అందులో నేను బనీన్ మీద నోరు తెరిచి నిద్రపోతున్నాను. కింద అందమైన అక్షరాలతో "సార్ ఫైళ్లు చూస్తున్నరు" అని ఉంది.

"ఒరిజినలే సార్" అన్నాడాయన చివరికి, గొంతు సవరించుకుని. "గనీ గీ మామిడాకులు ఎట్ల చేసిన్రో మేడంను జర అడిగి చెప్తరా? మా పాపకు రేపు ప్రాజెక్టుంది."

అడిగి చెప్తానన్నాను. ఆయన సంతోషం పట్టలేక, అలవాటు కొద్దీ స్టాంపు ప్యాడ్ దగ్గరికి లాక్కుని, జిరాక్స్ మీద వేయాల్సిన "అసలుతో సరిచూడబడినది" ముద్రను నేరుగా పద్నాలుగో పేజీ మీద, తోరణం కింద ఠప్పున గుద్దాడు.

ఇల్లు చేరేదాకా నాకు గుండె దడ. మా ఇంటామె పేజీ తెరిచి చాలాసేపు చూసింది. వేలితో మెల్లగా తడిమింది. అసలు సిసలు ఆఫీసు ముద్ర అట, దుకాణంలో ఎంత పెట్టినా దొరకదట. కాకపోతే కొంచెం వంకరగా పడింది. ఇంకో ముద్ర తిన్నగా వేయించుకు రమ్మని అప్పటి నుంచీ ఒకటే పోరు.