మామకు హెర్నియా, ఫొటో నాది

నిన్న మా మామ హెర్నియా ఆపరేషన్‌కని ఉరవకొండ నుంచి చీకటితోనే అనంతపురం వచ్చాం. ఆసుపత్రి ప్రైవేటుది, డబ్బు సర్కారుది. 2007లో ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ, మా మామ నోట మాత్రం ఎప్పుడూ 'కార్డు ఆపరేషనే'. కౌంటరు, వేలిముద్ర, అప్రూవల్... ఆ కథ వదిలేయండి.

మంచం ఇచ్చారు. మామ 'ఇప్పుడే వస్తా' అని బయటికి పోయాడు. ఖాళీగా ఉంది కదా అని నేను నడుం వాల్చాను.

కళ్లు తెరిచేసరికి నా ఛాతీ మీద ఒక అట్టముక్క. దాని మీద మామ పేరు, వయసు 64, కింద స్కెచ్ పెన్నుతో 'హెర్నియా, కుడి వైపు'. ఎదురుగా ఓ కుర్రోడు ఫోను పట్టుకుని 'కదలొద్దు తాతా' అంటున్నాడు. నాకు 41. జుట్టు కాస్త నెరిసింది, ఒప్పుకుంటా. కానీ తాతా? మంచం మీద రోగి ఫొటో ఎక్కించకపోతే బిల్లు రాదట. నేను నోరు తెరిచేలోపే క్లిక్‌మంది. నా పెళ్లి ఫొటోల్లో కూడా అంత అమాయకంగా లేను.

ఆ కుర్రోడి వెనకే వార్డుబాయ్. చేతిలో ట్రే, ట్రేలో బ్లేడు. సర్కారు రేటుకు కొత్త బ్లేడు వాడతారని నేననుకోలేదు, కానీ అప్పుడు సంతోషించే తీరిక ఎక్కడిది? 'ప్యాంటు వదులు చెయ్యి పెద్దాయనా' అన్నాడు. గోడకు అతుక్కుపోయి 'నేను అల్లుణ్ని!' అని అరిచాను. కుట్లు పడినోళ్లు కూడా పొట్ట పట్టుకుని, మూలుగుతూనే నవ్వారు.

డాక్టరు మాత్రం నవ్వలేదు. "ఫొటో తేడా వస్తే క్లెయిమ్ రిజెక్టు. టెస్టులు, మందులు, తిండి, మత్తు డాక్టరు ఫీజు, దారి ఖర్చు, అన్నీ ఆ ఒక్క ప్యాకేజీలోనే. అదైనా ఎప్పుడొస్తుందో! 2025 అక్టోబరులో ఆసుపత్రులు సేవలు ఆపింది ఊరికే కాదు" అని నా మీద విరుచుకుపడ్డాడు. బాకీ పెట్టింది నేనా సార్? డబ్బు కట్టినోళ్లకు ఏసీ గది, మాకు బాత్రూం పక్క మంచం. అదేదో మేము అడిగి పెట్టించుకున్న ప్యాకేజీ అయినట్టు!

అంతలో మామ మూతి తుడుచుకుంటూ వచ్చాడు, చేతిలో పొట్లం. 'ఉగ్గాని బజ్జీ శానా బాగుందల్లుడూ, నీకూ కట్టించుకొచ్చినా.'

రాత్రి నుంచి ఆయన మంచినీళ్లు కూడా ముట్టకూడదు.

డాక్టరు నావైపు చూశాడు. వార్డుబాయ్ కూడా చూశాడు. ట్రే ఇంకా వాడి చేతిలోనే ఉంది.